పంచాయతీలో ఉన్న అంగడి: బాడుగదారు ఖాళీ చేయడం లేదు, నోటీసు ఎట్లా ఇయ్యాల?

హంద్రీ ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పత్తికొండ వైపు ఒక మేజర్ పంచాయతీలో మెయిన్ రోడ్డు మీద మాకు రెండు షట్టర్ల అంగడి ఉంది. 2016లో మా నాయన దాన్ని బోరు మోటార్లు, పైపులు అమ్మే ఒకాయనకు బాడుగకు ఇచ్చినాడు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నారు, రిజిస్ట్రేషన్ లేదు. 2017లో ఇంకోసారి రాసుకున్నారు. ఆ తర్వాత అంతా నోటి మాటే. ఇప్పుడు బాడుగ నెలకు 9,000, అడ్వాన్సు లక్ష. నాయన 2022లో కాలం చేసినాడు. అప్పటినుంచి బాడుగ నా ఫోన్‌పేకు వస్తాంది. అమ్మ, అన్న, చెల్లెలు, నేను. ఇంకా భాగాలు పంచుకోలేదు.

అంగడి ఇప్పుడు మాకే కావాల. ఆరు నెలల నుంచి ఖాళీ చేయమని అడుగుతున్నాం. ఆయనేమో "మీ నాయన ఐదేళ్లకోసారి పెంచుకుంటా ఉండమన్నాడు, ర్యాకులకు, ఫ్లోరింగుకు రెండున్నర లక్షలు పెట్టినా, గుడ్‌విల్ ఇస్తేనే లేస్తా" అంటున్నాడు. నాలుగు నెలలుగా బాడుగ కూడా ఆపేసినాడు. వెనక గదిలో మోటార్ల వైండింగ్ చేసే ఒకతన్ని పెట్టుకున్నాడు.

నోటీసు ఎన్ని రోజులు ఇయ్యాల? బాడుగ కట్టలేదనే కారణం రాస్తే చాలునా? రెంట్ కంట్రోల్ కోర్టుకు పోవాలా, సివిల్ కోర్టుకా? మా బంధువులు "రాత్రికి రాత్రి మన తాళం వేసేయండి" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

సివిల్ సైడు

తాళం సంగతి ముందు చెప్తా: వేయొద్దు. మిగతాది కింద.

కోర్టు ఏదో తేల్చుకోవడానికి అంగడి పన్ను రసీదు తీసి చూడండి. పన్ను పంచాయతీకి కడుతున్నారా, మున్సిపాలిటీకా? 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం మున్సిపాలిటీల హద్దుల్లోని భవనాలకే వర్తిస్తుంది, గ్రామ పంచాయతీకి రాదు. మీ ఊరు నగర పంచాయతీ కానంతవరకు మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, పోవాల్సింది సివిల్ కోర్టు. కర్నూలు, అనంతపురం, కడప నగరాల్లో అంగళ్లు ఉన్నవాళ్లు ఈ జవాబును తమకు అన్వయించుకోవద్దు. అక్కడ 1960 చట్టంతో పాటు 2017లో వచ్చిన కొత్త కిరాయి చట్టం కూడా చూసుకుని, ఏ అధికారి ముందుకు పోవాలో తేల్చుకోవాల.

ఇక మీ అగ్రిమెంటు. 11 నెలలే కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అనుకుంటారు. మన రాష్ట్రంలో ఆ లెక్క నడవదు. 1999లో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌కు చేసిన రాష్ట్ర సవరణతో, రాసుకున్న లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ కావాల్సిందే. రిజిస్టర్ కాని కాగితంలోని షరతులను కోర్టు పట్టించుకోదు. ఆయన ఎట్లా అంగడిలోకి వచ్చినాడు, బాడుగదారుగానే ఉన్నాడా అన్నంతవరకు దాన్ని చూపించుకోవచ్చు. అదైనా స్టాంపు సరిగా ఉంటేనే. సరిపోకపోతే లోటు స్టాంపు, దాని మీద పెనాల్టీ కట్టందే ఆ కాగితాన్ని ఎందుకూ చూడరు. అందుకే పాత కాగితం మీద కేసు నిలబెట్టొద్దు. నెలనెలా ఫోన్‌పేలో వచ్చిన 9,000 మీకు అంతకంటే గట్టి సాక్ష్యం. బ్యాంకు స్టేట్‌మెంటు 2022 నుంచి తీసిపెట్టుకోండి.

ఇదే సూత్రం ఆయన మాటకూ వర్తిస్తుంది. ఏడాది దాటిన లీజు రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానే పుడుతుందని ఆస్తి బదలాయింపు చట్టం 107వ సెక్షన్ చెప్తుంది. మీ నాయన ఐదేళ్లు ఉండమన్నాడన్నది నిజమే అనుకున్నా, దానితో ఐదేళ్ల హక్కు రాదు. రిజిస్టర్ కాని లీజు కింద బాడుగ ఇచ్చుకుంటూ ఉన్నవాడు నెలవారీ బాడుగదారు అవుతాడని 2000లో ఆంథోనీ వర్సెస్ ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నెలవారీ బాడుగ ముగియడానికి అదే చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. బాడుగ కట్టలేదు, మా సొంతానికి కావాల, అంగడి పాడు చేసినాడు అని మూడు నాలుగు కారణాలు నోటీసులో కుక్కుతారు. 106 కింద ఏ కారణమూ చెప్పాల్సిన పని లేదు. కారణం రాస్తే దాన్ని రుజువు చేయాల్సింది మీరే. కేసు నోటీసు మీద నుంచి పక్కకు జరిగి, కట్టినాడా లేదా అన్న గొడవలో పడుతుంది. పైగా బాడుగ ఎగ్గొట్టినందుకు లీజు రద్దు అన్న దారిలో పోతే, ఆయన బకాయి, వడ్డీ, ఖర్చులు కోర్టులో కట్టి లీజు రద్దు కాకుండా 114వ సెక్షన్ కింద మాఫీ అడుగుతాడు. మామూలు 15 రోజుల నోటీసుకు అట్లాంటి మాఫీ లేదు. బకాయి 36,000 గురించి నోటీసులో వేరే పేరాలో, డబ్బు బాకీగా మాత్రమే రాయండి.

ఇంకో మాట. "బకాయి కడితే కొనసాగవచ్చు, లేదంటే ఖాళీ చేయాలి" అని రాసినారంటే ఆ నోటీసు చెల్లదని వాదించడానికి ఆయనకు సందు ఇచ్చినట్టే. వచ్చే నెల నుంచి బాడుగ 15,000 అని అదే నోటీసులో రాసినా అంతే. కొత్త బాడుగకు ఒప్పుకున్నట్టు ఆయన వకీలు వాదిస్తాడు. బాడుగ ముగిసింది, ఖాళీ స్వాధీనం ఇవ్వాలి. ఈ రెండు మాటలు మెలిక లేకుండా ఉండాల.

ఉరవకొండ దారి

పై సార్ చెప్పిన దానికి నోటీసు తయారీ గురించి కలుపుతున్నా. కేసులు పోయేది చట్టం తెలియక కాదు, నోటీసులో చిన్న చిన్న తప్పులతోనే.

నోటీసు ఇచ్చేవాళ్లుగా మీ నలుగురి పేర్లూ రాయండి: మీ అమ్మ, అన్న, మీరు, చెల్లెలు. ఒక్క భాగస్తుడు కూడా అందరి తరఫున ఖాళీ చేయించే దావా వేయొచ్చని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి, కానీ మిగతావాళ్లు అడ్డం చెప్పనంతవరకే. అసలు ప్రమాదం వేరే ఉంది. బాడుగదారు మీ అన్న కాడికి పోయి, నెలకు వెయ్యి ఎక్కువ ఇస్తానని కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకుంటే మీ నోటీసు నీళ్లపాలు. అన్న ముందే ఒప్పుకుని నోటీసులో ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాయన డెత్ సర్టిఫికెట్ తీసి ఉంచుకోండి. "వీళ్లు నాకు యజమానులే కాదు" అంటాడని భయం వద్దు. మీ నాయన దగ్గర బాడుగకు దిగినవాడు ఆయన హక్కును కాదనలేడు. పాత సాక్ష్యాధార చట్టంలో ఇది 116వ సెక్షన్, 2023 భారతీయ సాక్ష్య అధినియమంలో 122. ఆయన చనిపోయినాక మీకే నెలనెలా పంపినాడు కాబట్టి మిమ్మల్నీ ఒప్పుకున్నట్టే.

అంగడి పేరు మీద నోటీసు ఇవ్వొద్దు. బోర్డు మీద ఉన్న పేరుకు కోర్టులో మనిషి ఉండడు. ప్రొప్రయిటరు పేరు రాసి, ఫలానా పేరుతో వ్యాపారం చేస్తున్న అని కలపండి. పార్ట్‌నర్‌షిప్ అయితే ఫర్ముకు, పార్ట్‌నర్లకు విడివిడిగా పంపాల. ఆయన జీఎస్టీ నంబరు బోర్డు మీదే ఉంటుంది. ఆన్‌లైన్లో కొడితే ప్రొప్రయిటరా, పార్ట్‌నర్‌షిప్పా అన్నది రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

షెడ్యూలు (నోటీసులో అంగడి వివరాలు రాసే భాగం) జాగ్రత్త. డోర్ నంబరు, పన్ను అసెస్‌మెంటు నంబరు, నాలుగు వైపులా చెక్కుబంది, లోపలి కొలతలు అడుగుల్లో, రెండు షట్టర్లు, వెనక గది అన్నీ రాయండి. వెనక గదిని మరిచిపోతే డిక్రీ వచ్చినాక కోర్టు అమీనా (స్వాధీనం ఇప్పించే కోర్టు ఉద్యోగి) ముందు షట్టర్లు అప్పజెప్పి వెనక గది ఇవ్వలేనంటాడు. ఆ గదికి మళ్లీ దావా వేయాల్సి వస్తుంది.

గడువు విషయంలో, 2002 డిసెంబరు 31 నుంచి 106వ సెక్షన్ సవరణ అమల్లో ఉంది. నోటీసు నెలాఖరుతోనే ముగియాలన్న పాత పట్టింపు పోయింది. 15 రోజులు ఆయన నోటీసు అందుకున్న రోజు నుంచి లెక్క. గడువు ఒకటి రెండు రోజులు తక్కువ పడినా, అసలు గడువు దాటినాక దావా వేస్తే నోటీసు చెల్లుతుంది. అయినా 30 రోజులు ఇయ్యండి. పదిహేను రోజులు ఎక్కువ ఇచ్చినందుకు మీకు పోయేదేమీ లేదు, కోర్టులో మాత్రం మర్యాదగా కనిపిస్తుంది.

వైండింగ్ గురించి ఒక హెచ్చరిక. తయారీ పని కోసం ఇచ్చిన లీజుకు ఆరు నెలల నోటీసు కావాల. ఆయన వకీలు వైండింగును తయారీ అంటాడు. కాలిపోయిన మోటారుకు కొత్త తీగ చుట్టడం రిపేరు, అక్కడ కొత్త వస్తువేదీ పుట్టదు. అలెన్‌బరీ ఇంజినీర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే కొలత పెట్టింది: లీజు ప్రధాన ఉద్దేశం తయారీనేనా అని చూడాల. మీ నాయన ఇచ్చింది మోటార్లు, పైపులు అమ్ముకునే అంగడికి. దావాలో ఈ ఒక్క వాక్యం తప్పకుండా పెట్టించండి.

అంగడి మనిషి

నేను బాడుగదారుల వైపు నుంచి చెప్తా, ఎందుకంటే ఇద్దరికీ నష్టం లేని దారి ఇందులోనే ఉంది.

గుడ్‌విల్ అడిగే హక్కు ఆయనకు లేదు. అయితే ర్యాకులు, కౌంటరు, ఫ్యాన్లు, తాను బిగించినవన్నీ పీక్కుని పోయే హక్కు 108వ సెక్షన్ కింద ఉంది. స్వాధీనం ఇచ్చే లోపల తీసుకోవాల, అంగడిని తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలో అప్పజెప్పాల. ఫ్లోరింగు పీకలేడు, పీకితే అంగడి చెడిపోతుంది. దాని ఖర్చు కూడా రాదు, మీ నాయన రాతపూర్వకంగా ఇస్తానని ఉంటే తప్ప. ఆయన చెప్పే రెండున్నర లక్షల్లో ర్యాకుల వాటా ఎంతో కూర్చుని లెక్క తీస్తే గొడవ సగానికి పడిపోతుంది.

బాడుగ ఆపడం మాత్రం ఆయన చేసిన పెద్ద తప్పు. తగాదా ఉన్న బాడుగదారు ఎవరైనా నెల నెలా పంపుతూనే ఉండాల. యజమాని తీసుకోకపోతే మనియార్డరు పంపి, వాపసు వచ్చిన రసీదు దాచుకోవాల.

హంద్రీ ఒడ్డు అన్నకు ఒక మాట. బోరు మోటార్ల వ్యాపారానికి ఎండాకాలమే సీజను. మార్చిలో ఖాళీ చేయమంటే ఎవరైనా మొండికేస్తారు. మే నెలాఖరుదాకా గడువు, బకాయి అడ్వాన్సులో కోత, తాళాలు ఇచ్చిన రోజే మిగతా అడ్వాన్సు చేతికి. ఇట్లా ఒప్పందానికి వస్తే దాన్ని తెల్ల కాగితం మీద వదిలేయొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావా వేయకముందే దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో అవార్డు చేయించుకోండి. కోర్టు ఫీజు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మాట తప్పితే నేరుగా ఈపీ (డిక్రీ అమలు చేయమనే దరఖాస్తు) వేయడమే. అవార్డులో ఫలానా తేదీ అని ఖచ్చితంగా రాయించండి. ఆ తేదీ దాటితే రోజుకు ఎంత కట్టాలో కూడా రాయించండి.

హంద్రీ ఒడ్డు

చాలా సంతోషం. ఇంకో రెండు సందేహాలు. నోటీసు తీసుకోకుండా వాపసు పంపితే? నోటీసు ఇచ్చినాక ఫోన్‌పేలో డబ్బులు వేసేస్తే బాడుగ కొనసాగినట్టేనా? మా అన్న ఒప్పుకున్నాడు, కానీ కరెంటు అయినా పీకించమంటున్నాడు.

సివిల్ సైడు

కరెంటు పీకించడం కూడా తాళం వేసినట్టే. బాడుగ ముగిసినవాడినైనా చట్టప్రకారమే బయటికి పంపాల. తాళం వేసిన రోజు నుంచి ఆరు నెలల్లోపల ఆయన నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద దావా వేస్తే, అంగడి ఎవరిదన్న విచారణ కూడా లేకుండా స్వాధీనం ఆయనకే తిరిగి ఇస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. లోపల ఉన్న మోటార్లు పోయాయని పోలీసు కేసు పెడితే అది ఇంకో బాధ. మీ చేతిలో ఉన్న మంచి కేసును మీరే చెడగొట్టుకున్నట్టు అవుతుంది.

నోటీసు ఇచ్చిన వారంలోనే ఆయన "చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించరాదు" అని ఇంజంక్షన్ దావా వేసే అవకాశం ఎక్కువ. మీకు తెలియకుండా మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోకుండా, నోటీసుతో పాటే మీ ప్రాంతం కోర్టులో సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 148-ఏ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే దరఖాస్తు) వేయండి. అది 90 రోజులు ఉంటుంది, తర్వాత మళ్లీ వేయాల. ఆయన దావా వేస్తే కంగారు పడొద్దు. మేము చట్టప్రకారమే పోతామని మెమో వేస్తే ఆ దావాలో పస ఉండదు, మీ దావా మీ దారిన నడుస్తుంది.

వాపసు సంగతి. నోటీసు ఒకటి అంగడి చిరునామాకు, ఒకటి ఇంటి చిరునామాకు పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, అక్‌నాలెడ్జ్‌మెంటు కావాలని కౌంటరులో అడిగి తీసుకోండి. ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి ఉంచండి, తర్వాత అది దొరకదు. తీసుకోనన్నాడని పోస్ట్‌మ్యాన్ రాస్తే అందినట్టే లెక్క. కవరు చింపకుండా అట్లాగే కోర్టులో వేయాల. తలుపు వేసి ఉందని వాపసు వస్తే, ఇంకో ప్రతిని షట్టరుకు అతికించి ఇద్దరు ఊరి మనుషుల ముందు తేదీ కనిపించేట్టు ఫోటో తీయండి. 106వ సెక్షన్‌లోనే ఆ దారి రాసి ఉంది.

డబ్బులు వచ్చిపడితే భయం లేదు. నోటీసు తర్వాత బాడుగ తీసుకున్నంత మాత్రాన నోటీసు రద్దయినట్టు కాదని 2006లో స్వరూప్ సింగ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్రవర్తన దానికి విరుద్ధంగా ఉండకూడదు, అంతే. డబ్బు పడిన రోజే ఆయన వాట్సాప్‌కు "నోటీసు ప్రకారం మీ బాడుగ ముగిసింది, ఈ మొత్తం వాడకానికి నష్టపరిహారంగా తీసుకున్నాం" అని పంపండి. బాడుగ అని రసీదు మాత్రం రాయొద్దు. జీఎస్టీ కోసమని అడిగినా కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టొద్దు.

అడ్వాన్సును ఇప్పుడే బకాయిలో కోసుకోవద్దు. కోసుకుంటే బకాయి సున్నా, ఆయన చేతిలో ఇంకా 64,000 జమ ఉన్నట్టు అవుతుంది. తాళాలు ఇచ్చిన రోజు బకాయి, కరెంటు బిల్లు పోగా మిగిలింది ఇస్తామని నోటీసులో రాయండి. కోర్టుకు పోతే ఖాళీ స్వాధీనానికి కోర్టు ఫీజు ఏడాది బాడుగ మీద లెక్క, అంటే 1,08,000 మీద. బకాయికి వేరేగా కట్టాల. బకాయి దావాకు గడువు మూడేళ్లు. ఆలోపే అడగండి.

ఉరవకొండ దారి

దావా వేసినాక ఏం జరుగుతుందో కూడా చెప్తా, ఎందుకంటే ఇక్కడే కాలం పోతుంది.

మన హైకోర్టు సీపీసీకి కలిపిన ఆర్డరు 15-ఏ ఉంది. ఖాళీ చేయించే దావాలో ప్రతివాది జవాబు వేసేటప్పుడు వివాదం లేని బకాయిని, ఆ తర్వాత నెలనెలా బాడుగను కోర్టులో కట్టాల. కట్టకపోతే ఆయన వాదనను కొట్టేయమని అడగొచ్చు. చాలామంది వకీళ్లు ఈ దరఖాస్తు ఆలస్యంగా వేస్తారు. జవాబు వచ్చిన మొదటి వాయిదాలోనే వేయమని పట్టుబట్టండి. జవాబులో ఆయన "బాడుగదారునే, నోటీసు అందింది" అని ఒప్పుకుంటే ఆర్డరు 12 రూలు 6 కింద ఒప్పుకోలు మీదే తీర్పు అడగొచ్చు, సాక్ష్యం దాకా పోనక్కర్లేదు. ఆయన ఐదేళ్ల మాట, ఫ్లోరింగు మాట ఈ దశలో నిలబడవు.

నష్టపరిహారం 9,000 దగ్గరే ఆపుకోవద్దు. బాడుగ ముగిసిన రోజు నుంచి మార్కెట్ బాడుగ అడగొచ్చు. దానికి రుజువు కావాల: అదే రోడ్డు మీద ఇటీవల రిజిస్టర్ అయిన అంగడి లీజుల నకళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోండి. పక్కవాళ్ల నోటి మాట కన్నా ఒక నకలు బలం. దావా ఓడి ఆయన అప్పీలుకు పోయి స్టే అడిగితే, మార్కెట్ బాడుగ కట్టే షరతు మీదే స్టే ఇవ్వాలని ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అప్పుడు ఈ నకళ్లే పనికొస్తాయి.

వైండింగ్ అతని సంగతి దావాకు ముందే తేల్చుకోండి. జీతగాడా, సొంతంగా బాడుగ ఇచ్చే సబ్ టెనెంటా? తెలియకపోతే అతన్నీ ప్రతివాదిగా చేర్చండి. వదిలేస్తే డిక్రీ వచ్చినాక ఈపీలో అడ్డం నిలబడి "నాకు వేరే హక్కు ఉంది" అంటాడు. ఆర్డరు 21 రూలు 97 కింద ఆ అడ్డాన్ని విచారించడం దాదాపు ఇంకో దావా నడిపినట్టే.

ఈపీలో స్వాధీనం ఇప్పించే రోజున అమీనాతో పాటు పోలీసు సాయం కావాలనిపిస్తే కోర్టును ముందే అడగాల, ఆ పొద్దు ఫోన్ చేస్తే రారు. తాళం పగలగొట్టాల్సి రావచ్చని దరఖాస్తులో రాయించండి. ఆయన సామాను లోపలే ఉంటే మీరు ముట్టుకోవద్దు. అమీనా ప్రతి వస్తువుకూ జాబితా రాసి, సాక్షుల సంతకాలు తీసుకున్నాకే సామాను బయటికి తీయాల. ఎన్ని హెచ్‌పీ మోటార్లు, ఎన్ని పైపులు అన్నది ఆ జాబితాలో ఉండేట్టు చూసుకోండి.

హంద్రీ ఒడ్డు

అర్థమైంది సార్. ఈ వారం అమ్మ, చెల్లెలితో కలిసి వకీలు కాడికి పోతున్నాం, నోటీసులో నలుగురి పేర్లూ పెట్టిస్తాం. మే నెలాఖరు గడువు ఇచ్చి లోక్ అదాలత్ మాట ముందు ఆయన్ను అడుగుతాం. ఒప్పుకోకపోతే కేవియట్ వేసి ఆ మరుసటి రోజే నోటీసు పంపిస్తాం.

సివిల్ సైడు

క్రమం సరిగ్గా ఉంది. వకీలు కాడికి పోయేటప్పుడు నాయన పేరు మీద ఉన్న అసలు దస్తావేజు, మొన్నటి పన్ను రసీదు, 2022 నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు, రెండు పాత అగ్రిమెంట్లు పట్టుకుపోండి. అంగడి లీజు తగాదా వాణిజ్య వివాదం కిందికి వచ్చి విలువ 3 లక్షలు దాటితే, 2015 వాణిజ్య కోర్టుల చట్టం 12-ఏ కింద దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. మీ దావా విలువ ఎట్లా కడుతున్నారో వకీలును మొదటి రోజే అడగండి. ఏడాది తర్వాత ఆ కారణంతో ప్లెయింటును (దావా అర్జీని) కోర్టు తిరస్కరిస్తే అప్పటిదాకా తిరిగిన వాయిదాలన్నీ వృథా.

అగ్రిమెంట్ల ఒరిజినల్ చూపించినా, వకీలుకు ఫోటోస్టాట్లు మాత్రమే ఇచ్చి రండి.